టర్కిష్ మగపిల్లల పేర్లు: అపోహలు – వాస్తవాలు

నెట్‌లో దొరికే "టర్కిష్ పేర్లు – అర్థాలు" జాబితాలు చూసి పేరు ఖాయం చేసుకునే తల్లిదండ్రులు ఇప్పుడు మన దగ్గరా ఉన్నారు. ఆ జాబితాల్లో సగం తప్పులు అక్షరాల దగ్గరే మొదలవుతాయి. అందుకే ముందు వాటి సంగతి.

అపోహ: ఇంగ్లిష్ అక్షరాలే కదా, ఇంగ్లిష్‌లాగే చదువుకోవచ్చు.

వాస్తవం: 1928 నవంబరులో టర్కీ అరబ్బీ లిపిని వదిలి లాటిన్ లిపికి మారింది. అక్షరాలు 29. వాటిలో కొన్నింటి పలుకు పూర్తిగా వేరు. 'సి' అక్షరాన్ని 'జ' అని పలకాలి. దాని కింద తోక ఉంటే 'చ'. 'ఎస్' కింద తోక ఉంటే 'ష'. 'జి' మీద చిన్న గిన్నెలాంటి గుర్తు ఉంటే ఆ అక్షరం దాదాపు పలకదు, ముందున్న అచ్చును కాస్త సాగదీస్తుంది. చుక్క లేని 'ఐ' మనకు లేని అచ్చు. పెదవులు చుట్టకుండా 'ఉ' అంటే దానికి దగ్గరగా వస్తుంది.

కాబట్టి సి-ఎ-ఎన్ అని రాసిన పేరు 'కాన్' కాదు, 'జాన్'. ఉర్దూ, హిందీల్లో 'ప్రాణం' అనే అర్థంలో వినే జాన్ ఇదే, పారశీకం నుంచి వచ్చింది. సి-ఇ-ఎమ్ అంటే జెమ్. చినార్ అంటే కశ్మీర్‌లో చూసే చినార్ చెట్టే. 'అనిల్' అని రాసి ఉన్న టర్కిష్ పేరు చూసి వాయుదేవుడు అనుకోకండి. అందులోది చుక్క లేని ఐ, అర్థం "నలుగురూ నిన్ను తలుచుకోవాలి" అని.

అపోహ: మెహ్మెత్, అహ్మెత్, మురాత్ అనేవి తప్పు స్పెల్లింగులు.

వాస్తవం: మాట చివర బ, ద, జ, గ లను టర్కిష్ నాలుక సాధారణంగా నిలపదు. అవి ప, త, చ, క అయిపోతాయి. అలా అహ్మద్ అహ్మెత్ అయ్యాడు, మురాద్ మురాత్ అయ్యాడు, రజబ్ రెజెప్, యాకూబ్ యాకుప్ అయ్యారు. మెహ్మెత్ అనేది ముహమ్మద్‌కు వందల ఏళ్లుగా ఉన్న టర్కిష్ రూపం. జనం తమ సైనికుణ్ణి ముద్దుగా 'మెహ్మెత్చిక్' అంటారు.

అపోహ: టర్కీ పేర్లన్నీ అరబ్బీ పేర్లే.

వాస్తవం: మూడు పొరలు కలిసిపోయాయి. ముస్తఫా, అలీ, హసన్ అరబ్బీ. ఫెర్హాత్, సెర్దార్ పారశీకం. దెమిర్ (ఇనుము), కయా (బండరాయి), బారిష్ (శాంతి) అచ్చ టర్కిష్. ఈ మూడో రకంలో జోడింపు పేర్లు ఎక్కువ, విడదీస్తే అర్థం దానంతటదే తెలుస్తుంది: ఆల్ప్ (వీరుడు) + అర్స్‌లాన్ (సింహం) ఆల్పర్స్‌లాన్. 1071లో మంజికర్ట్ యుద్ధం గెలిచిన సెల్జుక్ సుల్తాను పేరది. గోక్ (ఆకాశం) + తూ (గుర్రపు తోక వెంట్రుకలు కట్టిన ధ్వజం) గోక్‌తూ. జాబితాలు దీనికి ఉత్త "ఆకాశం" అని రాసి ధ్వజాన్ని వదిలేస్తాయి.

ఈ పొర మనకు మరీ కొత్తదీ కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీలు తుర్క్‌మెన్ మూలాలవాళ్లు. సుల్తాన్ కులీ, ముహమ్మద్ కులీ పేర్లలోని 'కులీ' తుర్కిక్ మాటే, సేవకుడు అని. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ పేరుకు అర్థం "ముహమ్మద్ సేవకుడు".

అపోహ: పేరు చివరి అచ్చును బట్టి ఆడో మగో చెప్పేయొచ్చు.

వాస్తవం: టర్కిష్‌లో లింగభేదమే లేదు. అతడు, ఆమె, అది, మూడింటికీ ఒకే సర్వనామం. ముస్తఫా, కయా, ఎమ్రె, ఎఫె మగవాళ్లు. దెనిజ్ (సముద్రం) ఇద్దరికీ పెడతారు. మన దగ్గర ఎక్కువగా ఆడపిల్లలకు వినిపించే షాహీన్, ఇస్మత్ పేర్లు అక్కడ షాహిన్ (డేగ), ఇస్మెత్ రూపంలో ఎక్కువగా మగవాళ్లవి. టర్కీ రెండో అధ్యక్షుడు ఇస్మెత్ ఇనోను.

అపోహ: పేరంటే గొప్ప అర్థమే ఉండాలి.

వాస్తవం: దుర్సున్ అంటే "ఉండిపోనీ". దుర్ముష్ "ఉండిపోయాడు". యాషార్ "బతుకుతాడు". సాతిల్మిష్ ఏకంగా "అమ్ముడుపోయినవాడు". పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో ఇలా పెట్టేవారు. మన పెంటయ్యలూ పుల్లయ్యలూ పుట్టింది ఇలాగే కదా. ఇప్పటి నగరాల్లో వీటిని పాతకాలపు పేర్లుగా చూస్తారు, కాబట్టి నిఘంటువు అర్థం ఒక్కటే చూసి ఎంచుకోకండి. అట్టిలా, జెంగిజ్, తిముర్ పేర్లు అక్కడ మామూలే, ఎవరూ ఉలిక్కిపడరు.

అపోహ: ఎమ్రె, ఎమిర్ ఒకటే.

వాస్తవం: కాదు. ఎమిర్ అరబ్బీ, అధిపతి. ఎమ్రె పాత టర్కిష్, ప్రేమికుడు, మిత్రుడు అనే అర్థంలో. యూనుస్ ఎమ్రె అనే కవి వల్ల నిలిచిన పేరు.

అపోహ: టర్కీలో ఎన్ని పేర్లైనా, ఎలాగైనా నమోదు చేయించుకోవచ్చు.

వాస్తవం: దేశంలో పుట్టిన బిడ్డను 30 రోజుల్లోపు నమోదు చేయించాలి. పేర్లు మూడుకు మించకూడదు. పొడి అక్షరాలు కుదరవు. ఇంటిపేరును ఒక్క అక్షరంగా ముందు తగిలించే మన అలవాటు అక్కడ చెల్లదు. అక్కడ ఇంటిపేర్లు వచ్చిందే 1934 చట్టంతో.

ఎంచుకునేటప్పుడు: పేరును టర్కిష్ అక్షరాల్లో, గుర్తులతో సహా రాసుకుని, టర్కిష్ భాషా సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టిన వ్యక్తినామ నిఘంటువులో వెతకండి. అందులో లేని పేరైతే జాబితా అర్థాన్ని నమ్మొద్దు. తర్వాత ఇంట్లో మాట్లాడే భాషల్లో ఎలా వినిపిస్తుందో చూడండి. రుజ్‌గార్ అంటే టర్కిష్‌లో గాలి, ఉర్దూ చెవికి మాత్రం 'రోజ్‌గార్', అంటే ఉపాధి. అమెరికా బడిలో 'జాన్'ను టర్కిష్ స్పెల్లింగుతో రాస్తే రోజూ 'క్యాన్' అనే పిలుస్తారు. మన జనన ధ్రువపత్రంలో తోకలూ గుర్తులూ ఉండవు. గుర్తు తీసేసిన చినార్‌ను ఇక్కడ 'సినార్' అని చదువుతారు. అందుకే పలుకుకు తగ్గ ఇంగ్లిష్ స్పెల్లింగు ఒకటి ముందే తేల్చుకుని, ధ్రువపత్రం, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలో అదే రాయించండి. తల్లిదండ్రుల్లో ఒకరు టర్కీ పౌరులైతే అక్కడి రికార్డులో టర్కిష్ అక్షరాలే పడతాయి. రెండు దేశాల కాగితాల్లో తేడా రాకూడదంటే గుర్తుల అవసరం లేని పేరు, కెరెమ్, అరాస్ లాంటిది, తీసుకోవడం తేలిక.