డొక్కలో పోటు

చిరంజీవులకు ఆశీస్సులు.

"తిన్న కాసేపటికే పరిగెత్తితే డొక్కలో ఎందుకు పొడుస్తుంది?" అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. తిన్న కాసేపటికే అనడంలోనే సగం జవాబుంది.

పక్కటెముకల అంచు కింద చెయ్యి పెట్టి చూడండి. పోటు వచ్చేది ఎక్కువగా అక్కడే, అందులోనూ కుడిపక్క. అక్కడి కండరాల వెనక, పొట్ట గోడకు లోపలివైపు, పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటుంది. బడిసంచికి లోపల వేసిన అస్తరు అనుకోండి. సంచిలో పుస్తకాలున్నట్టే పొట్టలో కాలేయం, జీర్ణాశయం, పేగులు ఉంటాయి. అస్తరుకీ వాటికీ మధ్య జారుడుగా కొంచెం ద్రవం ఉంటుంది కాబట్టి నడిచినంతసేపూ ఏమీ తెలియదు. పరుగందుకుంటే అడుగడుక్కీ సంచి ఎగిరిపడి, లోపలివి అస్తరుకు ఒరుసుకుంటాయి. సంచి కూరి ఉంటే ఒరిపిడి ఇంకా ఎక్కువ. గుడ్డ అస్తరుకు నొప్పి తెలియదు గానీ ఈ అస్తరుకు నరాలున్నాయి. అందుకే "ఇదిగో, ఇక్కడే" అని వేలు పెట్టి చూపించగలుగుతాం.

ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి పీల్చడానికి సాయపడే కండరం డయాఫ్రం. దానికి రక్తం చాలక పోటు వస్తుందని కూడా చెబుతారు. అదే అసలు కారణమైతే, అంతగా ఆయాసపడని గుర్రపు స్వారీ వాళ్లకు రాకూడదు. వాళ్లకూ బాగా వస్తుంది! నాకైతే ఒరిపిడి మాటే నమ్మబుద్ధేస్తుంది.

ఇంకో వింత. కొందరికి డొక్కతో పాటు భుజం కొస కూడా లాగుతుంది. డయాఫ్రం కింది పొర నుంచి వచ్చే నరమూ, భుజం నుంచి వచ్చే నరాలూ మెడ దగ్గర ఒకేచోట వెన్నుపాములో చేరతాయి. కబురు ఎక్కడిదో మెదడు పోల్చుకోలేదు.

పోటు వస్తే పరుగు తగ్గించి నడవండి. నొప్పి ఉన్నచోట వేళ్లతో నొక్కిపట్టి, కాస్త ముందుకు వంగి, నిండా ఊపిరి పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదలండి. మామూలుగా కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. కడుపునిండా తింటే పరుగుకు కనీసం 2 గంటల వ్యవధి ఇవ్వండి. పళ్లరసాలు, చక్కెర పానీయాలు పోటును మరీ రెచ్చగొడతాయి, పరుగుకు ముందు వాటి జోలికి పోవద్దు. నీళ్లు గటగటా కాకుండా గుక్కెడు గుక్కెడుగా తాగండి. గూని వేసుకుని పరిగెత్తకండి.

డొక్క పట్టుకుని ఆగిపోయినవాణ్ణి వెక్కిరించకండి. ఆరితేరిన ఆటగాళ్లకూ ఇది వస్తుంది. ఆగినా తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.

ఈసారి పోటు వచ్చినప్పుడు ఏం తిన్నారో, ఎంతసేపటి కిందట తిన్నారో, ఏ పక్క పొడిచిందో ఓ కాగితం మీద రాసిపెట్టండి. నాలుగైదుసార్లు రాశాక ఆ కాగితం నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య