అణు విద్యుత్తు పర్యావరణానికి మంచిదేనా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీకి దగ్గర్లోనే ఉంటాను. రేడియేషన్ భద్రత నా వృత్తి. "అన్నా, ఎన్‌ఎఫ్‌సీలో చేసే యురేనియంతో మనకేం కాదు కదా?" అని మా పక్కింటి చెల్లెలు ఎన్నిసార్లు అడిగిందో! ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: అణు ఇంధనం పక్కన నిలబడితే చాలు, ప్రమాదమే.

వాస్తవం: అది కొత్తదా, వాడేసిందా అన్నదే అసలు సంగతి. 220 మెగావాట్ల రియాక్టర్లో వేసే ఇంధన బండిల్ మూరెడు పొడవుంటుంది. సన్నటి 19 గొట్టాలు, వాటి నిండా నల్లటి యురేనియం బిళ్లలు. కొత్త బండిల్‌ను మామూలు గ్లౌజులతో చేతిలోకి తీసుకోవచ్చు. అదే బండిల్ రియాక్టర్లో ఉండి బయటికొచ్చాక దాని దగ్గరికి వెళ్లకూడదు, ఏళ్ల తరబడి నీళ్ల తొట్టిలో ఉంచాల్సిందే. ఎన్‌ఎఫ్‌సీలో తయారయ్యేది కొత్త ఇంధనం. వాడేసిన ఇంధనం ఉండేది రియాక్టర్ల దగ్గర.

అపోహ: రియాక్టర్ అణుబాంబులా పేలుతుంది.

వాస్తవం: పేలదు. ఆ బండిళ్లలోని సహజ యురేనియంలో విచ్ఛిత్తికి (చీలి శక్తినివ్వడానికి) పనికొచ్చే యురేనియం-235 ఒక శాతం కూడా ఉండదు, బాంబుకు అది చాలదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో పేలింది హైడ్రోజన్. సునామీ నీళ్లు జనరేటర్లను ముంచేయడంతో ఇంధనాన్ని చల్లబరిచే దారి లేకుండా పోయింది, ఆ వేడికే హైడ్రోజన్ పుట్టింది. ప్రమాదం చిన్నదని నేను అనను, అది వేరే రకం అంటున్నాను.

అపోహ: అణు విద్యుత్తులో కార్బన్ సున్నా.

వాస్తవం: రియాక్టర్లో ఏదీ మండదు, నిజమే. కానీ గని తవ్వాలి, సిమెంటు పోయాలి, ఇంధనం చేయాలి. ఇవన్నీ కలిపి ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక వేసిన మధ్యస్థ లెక్క: యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ (దానికి సమానమైన వాయువులతో కలిపి) అణు విద్యుత్తుకు 12 గ్రాములు, గాలిమరలు 11, సోలార్ 41 నుంచి 48, బొగ్గు 820. రామగుండం బూడిద చూసినవాళ్లకు ఈ తేడా ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: కార్బన్ తక్కువంటే పర్యావరణానికి హాని లేనట్టే.

వాస్తవం: మా రంగంలోవాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు ఇది. వ్యర్థాలు పరిమాణంలో తక్కువే. వాడిన ఇంధనాన్ని మన దేశంలో మళ్లీ శుద్ధి చేసి, మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు. దాన్ని భూమి లోతుల్లో శాశ్వతంగా పెట్టే చోటు మాత్రం మనకు ఇంకా లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది గని. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజం నుంచి యురేనియం తీశాక మిగిలిన బురదను చెరువులాంటి కట్టలో నింపుతారు. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ భయాన్ని "అవగాహన లేక" అని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

బొగ్గు, అణువు రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను అణువునే ఎంచుకుంటాను. అయితే కట్ట చుట్టూ ఉన్న ప్రతి ఊళ్లో బోరు నీటిని బయటివాళ్లతో పరీక్ష చేయించాలి. ఆ ఫలితాలను తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.