‘ఎక్కువసేపు’ కండోమ్‌లు: అపోహలు - వాస్తవాలు

శీఘ్రస్ఖలన సమస్యతో నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది, అప్పటికే మందుల షాపులో దొరికే ‘ఎక్కువసేపు’ రకం కండోమ్‌లు వాడి చూసినవారే. కొందరికి అవి ఉపయోగపడి ఉంటాయి. మరికొందరు మాత్రం అవి కూడా పనిచేయలేదంటే ఇక తమకు దారి లేదన్నంతగా కుంగిపోయి కూర్చుంటారు. ఆ కండోమ్ ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే ఎవరైనా చెప్పి ఉంటే వారికి ఆ బాధ తప్పేది.

అపోహ: ఈ కండోమ్ వాడితే సమస్య నయమవుతుంది.

వాస్తవం: వీటిలో చాలావాటికి లోపలివైపు, కొనభాగంలో, బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు రాసి ఉంటుంది, సాధారణంగా దాని మోతాదు 4 లేదా 5 శాతం. పంటినొప్పికి చిగుళ్లపై రాసే జెల్‌లలో ఉండేదీ ఇదే. ఇది శిశ్నాగ్రపు చర్మంలోని నరాల స్పర్శను కొంతసేపు మందగింపజేయడం వల్ల స్ఖలనం ఆలస్యమవుతుంది. మందు ప్రభావం తగ్గగానే స్పర్శ మామూలుగా తిరిగి వస్తుంది. అంటే ఆ పూటకు ఇది సాయం చేస్తుందే తప్ప, సమస్య మూలాన్ని తాకదు. కొన్ని రకాల్లో మందే ఉండదు, రబ్బరు కాస్త మందంగా ఉంటుందంతే. కాబట్టి ప్యాకెట్‌పై ఏం రాసి ఉందో చదివి కొనాలి.

అపోహ: ఎటు తిప్పి వేసుకున్నా ఒకటే.

వాస్తవం: నేను అందరికంటే ఎక్కువగా హెచ్చరించేది ఈ విషయంలోనే. తిరగేసి వేసుకుంటే మందు భాగస్వామి శరీరానికి తగిలి, ఆమెకు తిమ్మిరి గానీ మంట గానీ కలగవచ్చు. పొరపాటు తెలిశాక దాన్నే తిప్పి వేసుకోవడం మరింత ప్రమాదం, ఎందుకంటే బయటివైపు అప్పటికే అంటిన ద్రవంలో వీర్యకణాలు, సుఖవ్యాధుల క్రిములు ఉండే అవకాశం ఉంది. దాన్ని పారేసి కొత్తది తీసుకోవాలి. ఇద్దరిలో ఎవరికైనా దురద, ఎర్రదనం, దద్దుర్లు కనిపిస్తే వాడకం ఆపేయాలి. మత్తు ఇంజెక్షన్లకు గతంలో అలర్జీ వచ్చినవారు వైద్యుణ్ని అడగకుండా వీటిని మొదలుపెట్టకూడదు.

అపోహ: రెండు కండోమ్‌లు వేసుకున్నా, పైన మొద్దుబార్చే స్ప్రే కూడా కొట్టుకున్నా ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది.

వాస్తవం: రెండు పొరలు ఒకదానికొకటి రాసుకుని చిరిగిపోవచ్చు. మందు ఎక్కువైతే స్పర్శే పోయి అంగస్తంభన సడలుతుంది.

అపోహ: పావుగంట ఆగలేకపోతే అది జబ్బే.

వాస్తవం: 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అయిదు దేశాలకు చెందిన సుమారు 500 జంటలు కలయిక మొదలైనప్పటి నుంచి స్ఖలనం దాకా పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిస్తే, మధ్యస్థ విలువ 5.4 నిమిషాలు వచ్చింది, అంటే సగం మందికి అంతకంటే తక్కువే. మొదటినుంచీ ఉన్న శీఘ్రస్ఖలనం అని మేము అనేది, దాదాపు ప్రతిసారీ సుమారు ఒక నిమిషంలోపే స్ఖలనం కావడం, దాన్ని ఆపుకోలేకపోవడం, దానివల్ల మనసుకు బాధ కలగడం, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడే. ఈ లెక్క తెలియగానే కొందరి ముఖంలో కనిపించే ఊరట నాకూ సంతోషాన్నిస్తుంది. వారికి అసలు ఈ ‘ఎక్కువసేపు’ రకం కండోమ్‌లే అక్కరలేదు.

అపోహ: కండోమ్ పనిచేయకపోతే ఇంకేమీ చేయలేం.

వాస్తవం: చేయగలిగేవి చాలా ఉన్నాయి. జేమ్స్ సీమన్స్ అనే వైద్యుడు 1956లో వివరించిన ‘ఆపి, మళ్లీ మొదలుపెట్టే’ సాధన (స్ఖలనం దగ్గరపడుతోందనగానే ప్రేరణ ఆపి, ఆ ఉద్రేకం తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం) దంపతులిద్దరూ కలిసి ఓపికగా చేయదగినది. వైద్యుడి సలహాతో డపోక్సెటిన్ వంటి మాత్రలూ వాడవచ్చు. అయితే ఇన్నేళ్లూ బాగానే ఉండి, ఈ మధ్యే సమస్య మొదలైనవారు కండోమ్‌తో నెట్టుకురాకుండా ముందు పరీక్షలు చేయించుకోవాలి: దాని వెనుక అంగస్తంభన లోపం, ప్రొస్టేట్ వాపు, థైరాయిడ్ అతిగా పనిచేయడం వంటివి ఉండవచ్చు, వాటికి చికిత్స అందితే స్ఖలనం కూడా చాలామందిలో మెరుగుపడుతుంది.