సైన్స్ ఫిక్షన్ నవల రాసేవాళ్ల రోజు ఎలా గడుస్తుంది: అపోహలు - వాస్తవాలు

సైన్స్ ఫిక్షన్ నవలలు రాస్తానని చెప్పగానే చాలామంది "ఇన్ని ఐడియాలు ఎక్కడినుంచి వస్తాయండీ?" అని అడుగుతారు. ఐడియాలకు కరువు లేదు. వచ్చిన ఐడియా నిలబడుతుందా లేదా అని తేల్చుకోవడానికే రోజులో ఎక్కువ భాగం పోతుంది. కొత్తగా రాయాలనుకునే పిల్లలు కొన్ని అపోహల వల్లే వెనకడుగు వేయడం చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అంతా ఊహే కదా, ఏది పడితే అది రాసేయొచ్చు.

వాస్తవం: ఇప్పుడు రాస్తున్న నవలలో చంద్రుడి మీద ఓ స్థావరం ఉంది. అక్కడ ఒకావిడ అన్నం వండుతుంది. పుస్తకంలో అది ఒక్క వాక్యం. కానీ అది రాయాలంటే ముందు స్థావరంలో గాలి పీడనం ఎంతో తేల్చుకోవాలి. అపోలో వ్యోమనౌకల్లో భూమి మీద ఉండే పీడనంలో మూడో వంతే ఉంచి, స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపేవారు. నా స్థావరంలోనూ అంతే అనుకుంటే, ఆ పీడనంలో నీళ్లు 72 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మరిగినా బియ్యం పలుకు మీదే ఉంటుంది.

సరే, కుక్కర్ పెడదాం అనుకున్నాను. మన కుక్కర్ మీది వెయిట్ తన బరువుతోనే ఆవిరిని లోపల ఆపుతుంది. చంద్రుడి మీద దాని బరువు ఆరో వంతే. కాస్త ఆవిరి పట్టగానే విజిల్ వచ్చేస్తుంది. లెక్క వేస్తే లోపల వేడి 82 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. మూడు విజిళ్లు కాదు, ముప్పై వచ్చినా లాభం లేదు. ఆవిడ వర్క్‌షాప్‌కి వెళ్లి ఆరు రెట్లు బరువున్న వెయిట్ చేయించుకోవాలి. వర్క్‌షాప్ కుర్రాడేమో వంటింటి సామానుకి లోహం వాడటానికి పర్మిషన్ లేదంటాడు. వాళ్లిద్దరి మధ్య వాదనతో నాకు ఒక అధ్యాయమే దొరికింది. మొత్తం నవలలో నాకు బాగా ఇష్టమైన అధ్యాయం అదే. లెక్క చూసుకోకుండా "అన్నం వండింది" అని రాసి ముందుకెళ్లిపోయి ఉంటే అది పుట్టేదే కాదు.

అంగారకుడితో అయితే చిక్కు ఇంకో రకం. అక్కడినుంచి మాట భూమికి చేరడానికి దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. నెల్లూరులో ఉన్న తల్లి, అంగారకుడి మీదున్న కూతురు ఫోన్‌లో పోట్లాడుకునే సీన్ రాయలేం. ఒకరి మాటకు ఒకరు అడ్డు రాలేరు. కోపంగా అన్న మాట అవతలికి చేరేలోపు ఇవతల కోపం చల్లారిపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ పోట్లాటను ఉత్తరాల్లా, వాయిస్ మెసేజ్‌ల్లా రాయాల్సి వస్తుంది. చెప్పాలంటే అలాగే మనసుకు ఎక్కువ తగులుతుంది.

అపోహ: ఇది సైంటిస్టులు మాత్రమే రాయగలిగేది.

వాస్తవం: 1818లో అచ్చయిన 'ఫ్రాంకెన్‌స్టైన్' రాసిన మేరీ షెల్లీ సైంటిస్టు కాదు. అది రాయడం మొదలుపెట్టేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పైన చెప్పిన కుక్కర్ లెక్కకి నాకు కావలసి వచ్చింది స్కూల్లో చదివిన ఫిజిక్సే. తెలియనిది వస్తే తెలిసినవాళ్లను అడుగుతాను. ప్రశ్న స్పష్టంగా ఉంటే ఓపిగ్గా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.

అపోహ: మూడ్ వచ్చినప్పుడు రాత్రంతా కూర్చుని రాస్తారు.

వాస్తవం: నేను రాసేది పొద్దున్నే, ఇంట్లో వాళ్లు లేవకముందు. నిన్నటి చివరి పేజీ చదువుకుని మొదలుపెడతాను. మధ్యలో ఏదైనా అంకె కావాల్సి వస్తే అక్కడ "చూడాలి" అని రాసి వదిలేస్తాను. ఇంటర్నెట్ తెరిస్తే ఆ పూట రాత అయిపోయినట్టే. ఆ ఖాళీలు నింపడం సాయంత్రం పని.

గోడ మీద ఒక చార్ట్ ఉంటుంది. చంద్రుడి మీద పగలు దాదాపు రెండు వారాలు, రాత్రి కూడా అంతే. ఏ అధ్యాయంలో సూర్యుడు ఎక్కడున్నాడో రాసి పెట్టుకోకపోతే, చీకట్లో ఉన్న మనిషికి నీడ పడినట్టు రాసేస్తాం. చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అపోహ: సైన్స్ మారిపోతే నవల పనికిరాకుండా పోతుంది.

వాస్తవం: శుక్రగ్రహం మీద చిత్తడి నేలలు, సముద్రాలు ఉన్నట్టు ఒకప్పుడు ఎన్నో కథలు వచ్చాయి. 1962లో మేరినర్ 2 అనే వ్యోమనౌక దాని పక్కగా వెళ్లి, అక్కడ విపరీతమైన వేడి ఉందని చెప్పింది. అయినా వాటిలో మంచి కథల్ని ఇప్పటికీ ఇష్టంగా చదువుతున్నారు. చంద్రుడిని ఎండిపోయిన ఎడారిగా చూపించిన పాత నవలలూ అంతే. చంద్రయాన్-1 పంపిన సమాచారంతో అక్కడ నీటి జాడలు ఉన్నాయని 2009లో ప్రకటించారు. అంతకుముందు రాసినవాళ్లు అప్పటికి తెలిసినదాన్ని నిజాయితీగా వాడుకున్నారు. నేను మాత్రం ముందుమాటలో ఏ సంవత్సరం వరకు తెలిసిన సంగతులతో నవల రాశానో చెప్పేస్తాను. తర్వాత చదివేవాళ్లకు ఏది అప్పటి సమాచారమో, ఏది నా కల్పనో తెలిసిపోతుంది.