రాకెట్ ఫొటోలో ఇంజన్ ఎక్కడుంది?

ప్రపంచంలో మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్ ఫొటో చూసినవారిలో చాలామంది దాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. 1926 మార్చి 16న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆబర్న్‌లో ఒక పొలంలో తీసిన ఫొటో అది. నేలంతా మంచు. గొట్టాలతో కట్టిన చట్రం పక్కన బరువైన ఓవర్‌కోటు వేసుకుని, ఆ రాకెట్‌ను తయారుచేసిన రాబర్ట్ గాడర్డ్ నిలబడి ఉన్నాడు. చట్రంలో సుమారు 3 మీటర్ల పొడవున్న సన్నటి వస్తువు కనిపిస్తుంది. అడుగున లావుగా ఉన్న భాగమే ఇంజన్ అనుకుంటాం. అది ట్యాంకులు. ఇంజన్ పైన, చట్రం కొసకు దగ్గరగా ఉంది. రెంటినీ కలుపుతూ కనిపించే సన్నటి గొట్టాల్లో ఒకటి పెట్రోలును, ఇంకొకటి ద్రవ ఆక్సిజన్‌ను పైకి తీసుకెళ్తాయి. రాకెట్‌ను ఒక్కటిగా పట్టి ఉంచేవి కూడా అవే.

అంటే మంట పైనుంచి కిందికి, సూటిగా ట్యాంకుల మీదికే వస్తుంది. అందుకే ట్యాంకుల నెత్తిన శంఖాకారంలో ఒక మూత కనిపిస్తుంది. మంటను పక్కలకు మళ్లించడం దాని పని. ఇంత ఇబ్బంది పడి ఇంజన్‌ను పైన ఎందుకు పెట్టాడు? పైనుంచి లాగితే రాకెట్ లోలకంలా వేలాడుతూ నిటారుగా వెళ్తుందన్నది అప్పటి ఆలోచన. అది పొరపాటు. లోలకాన్ని పట్టుకునే కొక్కెం కదలదు. రాకెట్ ఇంజన్ మాత్రం రాకెట్‌కే బిగించి ఉంటుంది. రాకెట్ వంగితే తోపు, అంటే ఇంజన్ తోసే బలం, దాని దిశ కూడా దానితోపాటే వంగుతుంది. గురుత్వాకర్షణ పనిచేసేది ద్రవ్యరాశి కేంద్రం మీద కాబట్టి, ఒరిగిన రాకెట్‌ను తిప్పి తిరిగి నిలబెట్టే బలం దాన్నుంచి రాదు. ఇంజన్ పైనున్నా కిందున్నా ఈ లెక్క మారదు. అదే ఏడాది మే నాటికి గాడర్డ్ ఇంజన్‌ను అడుగుకు మార్చాడు. నిటారుగా నడపడానికి కావలసింది రాకెట్ ఒరగడాన్ని పసిగట్టే గైరోస్కోపూ, దాని మాట వినే రెక్కలూ. వాటితో 1935 మార్చి 28న న్యూమెక్సికోలోని రోజ్‌వెల్ దగ్గర ఆయన రాకెట్ సుమారు 1,460 మీటర్ల ఎత్తుకు వెళ్లింది.

ఆబర్న్ రాకెట్ ఎగురుతున్న ఫొటో లేదు. ఎవరైనా చూపిస్తే అది వేరే రాకెట్‌ది. గాడర్డ్ భార్య ఎస్తర్ చేతిలో ఆ రోజు ఒక చిన్న సినిమా కెమెరా ఉంది. ఒకసారి కీ తిప్పితే అది ఏడు సెకన్లే నడుస్తుంది. మెకానిక్ హెన్రీ సాక్స్ పొడవాటి కర్ర చివర కట్టిన బ్లోటార్చితో ఇంజన్‌ను అంటించాడు. మంట వచ్చింది, గర్జన వినిపించింది, రాకెట్ మాత్రం లేవలేదు. తోపు బరువుకన్నా తక్కువగా ఉంది. ఇంధనం ఖర్చవుతూ, మంట బయటికి వచ్చే మూతి, అంటే నాజిల్, కింది సగం కాలి ఊడిపోయి, బరువు తగ్గిన తర్వాత గానీ అది కదల్లేదు. ఈలోగా కెమెరా ఆగిపోయింది. ఆ ప్రయాణం గురించి మనకున్నవి కొలతలే: రెండున్నర సెకన్లు, 12.5 మీటర్ల ఎత్తు, 56 మీటర్ల దూరం. ఫొటోలో ఆయన చెయ్యి వేసి నిలబడిన చట్రానికీ, ఈ మూడు అంకెలకూ మధ్య జరిగినదంతా నోట్సు పుస్తకంలోనే మిగిలింది.

ఆ తర్వాత తరం ఇంజనీర్లు కెమెరాను రాకెట్‌తో పాటే లెక్కలో పెట్టుకున్నారు. జర్మనీలోని పీనెముండేలో 1942 అక్టోబరు 3న తొలిసారి విజయవంతంగా ఎగిరిన ఏ-4, అదే తర్వాత వీ-2 అని పేరుపడిన క్షిపణి, ఫొటోల్లో నలుపు తెలుపు గళ్లతో కనిపిస్తుంది. ఆ రంగులు అలంకారం కోసం కాదు. 14 మీటర్ల పొడవు, 12 టన్నులకు పైగా బరువున్న గుండ్రటి వస్తువు అంతా ఒకే రంగులో ఉంటే, అది తన చుట్టూ తాను తిరుగుతోందో లేదో ఫిల్ములో తేలదు. నాలుగు పక్కలా నలుపు, తెలుపు వేర్వేరుగా వేస్తే, కోణాలు కొలిచే కెమెరాలు తీసిన ఫ్రేములు వరసగా పెట్టి ఏ క్షణంలో ఎంత తిరిగిందో లెక్కించవచ్చు. మంటను పక్కకు మళ్లించి రాకెట్ దిశను సరిచేసేందుకు ఇంజన్ మంటలో పెట్టిన గ్రాఫైట్ పలకలు సరిగ్గా పనిచేశాయా లేదా అన్నది అలా తెలిసేది. మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన అమెరికా అపోలో రాకెట్ సాటర్న్-5 మీది నల్ల పట్టీలు కూడా ఈ వంశానివే. 1966 మే నెలలో బయటికి తెచ్చిన సాటర్న్ నమూనా 500ఎఫ్‌కు మొదటి దశ నడుమ కూడా నల్లరంగు ఉంది. ఎండకు లోపల వేడెక్కుతోందని, ఎగిరే రాకెట్లకు అక్కడ తెలుపు వేశారు. ‘అపోలో ప్రయోగం’ అని రాసిన పాత ఫొటోలో నడుమ నల్లగా ఉంటే, అది ఎన్నడూ ఎగరని నమూనా అని పట్టుకోవచ్చు.

వీ-2 ఫొటోల్లో మరో రకం ఉంది. వాటిని జాగ్రత్తగా చూడాలి. 1944లో హిట్లర్ ఫొటోగ్రాఫర్లలో ఒకడైన వాల్టర్ ఫ్రెంట్స్, వీ-2లు తయారయ్యే మిట్టెల్‌వెర్క్ భూగర్భ కర్మాగారాన్ని రంగుల్లో తీశాడు. ఖైదీలు శుభ్రంగా, శ్రద్ధగా యంత్రాల దగ్గర పనిచేస్తున్నట్టు కనిపిస్తారు. వెలుతురు పడే తీరు, మనుషుల నిలువు, అన్నీ అమర్చినవే. వాళ్లు డోరా నిర్బంధ శిబిరం ఖైదీలు. ఆ శిబిరం, దాని ఉపశిబిరాల గుండా సుమారు 60,000 మంది వెళ్లారనీ, వారిలో 20,000 మంది దాకా చనిపోయారనీ అంచనా. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైనికులు ఆ శిబిరం దగ్గరి ఊరు నార్ధౌసెన్‌లో తీసిన శవాల ఫొటోలను వీటి పక్కన పెట్టి చూడాలి. రాకెట్ చరిత్ర ఆల్బమ్‌లో మొదటివి పెట్టి రెండోవి వదిలేయడం అబద్ధం చెప్పడమే.

యుద్ధం తర్వాత పట్టుబడిన వీ-2 విడిభాగాలు అమెరికాలోని క్షిపణి పరీక్షా స్థలం వైట్ శాండ్స్‌కు చేరాయి. పేలుడు పదార్థం ఉండాల్సిన చోట శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టారు. పైకి పంపడం కన్నా కిందికి తిరిగి తెచ్చుకోవడమే కష్టమైంది. నూరు కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలి అడ్డు లేకుండా పడితే వేగం సెకనుకు దాదాపు 1,400 మీటర్లు అవుతుంది. సూదిమొన ఆకారం కాబట్టి వీ-2ను దిగువ వాతావరణం కూడా చాలినంత ఆపలేకపోయింది. మొదట్లో పడినచోట పెద్ద గుంత మిగిలేది, పరికరాలు దొరికేవి కావు. పరిష్కారం మొరటుదే కానీ పనిచేసింది: కిందికి వచ్చే దారిలో చిన్న పేలుడుతో ముక్కు భాగాన్ని మొండెం నుంచి తెంచేయడం. ఆకారం చెడితే ముక్కలు దొర్లుతూ పడతాయి, గాలి అడ్డు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

1946 అక్టోబరు 24న ఎగిరిన 13వ వీ-2లో, జాన్స్ హాప్కిన్స్ అప్లయిడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీ ఇంజనీరు క్లైడ్ హాలిడే సిద్ధం చేసిన 35 మిల్లీమీటర్ల సినిమా కెమెరా ఉంది. ఒకటిన్నర సెకన్లకు ఒక ఫ్రేము తీస్తుంది. రాకెట్ 105 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, సెకనుకు 150 మీటర్ల వేగంతో నేలను ఢీకొంది. కెమెరా నుజ్జయింది. ఫిల్ము మాత్రం ఉక్కు డబ్బాలో ఉంది కాబట్టి బతికింది. అంతకుముందు భూమిని అత్యంత ఎత్తు నుంచి తీసిన ఫొటోలు 1935లో ఎక్స్‌ప్లోరర్-2 బెలూన్ నుంచి, 22 కిలోమీటర్ల ఎత్తులో తీసినవి. ఒక్క దెబ్బకు అది దాదాపు ఐదు రెట్లయింది.

ఆ ఫ్రేములు మసకగా, గరుకుగా ఉంటాయి. అయినా చూడవలసినవి రెండున్నాయి. ఒకటి, నల్లటి ఆకాశానికి ఆనుకుని వంపు తిరిగిన దిగంతం. రెండోది ఆ దిగంతం ఫ్రేముకొక కోణంలో ఉండటం. రాకెట్ ఇంజన్ ఆగాక గాలిలేని చోట నియంత్రణ లేకుండా తిరుగుతోందనడానికి అదే సాక్ష్యం. ఒకటిన్నర సెకన్ల వ్యవధి తెలుసు కాబట్టి ఆ తిరుగుడు వేగాన్ని ఫిల్ము మీదే కొలవవచ్చు.

ఫిల్మును భూమికి తేలేని పరిస్థితి సోవియట్ అంతరిక్ష నౌక లూనా-3ది. 1959 అక్టోబరు 7న అది చంద్రుడి అవతలి వైపును 40 నిమిషాల్లో 29 సార్లు ఫొటో తీసింది. ఫిల్మును లోపలే కడిగి, ఆరబెట్టి, కాంతి చుక్కతో గీత గీతగా చదివి, రేడియో సంకేతాలుగా పంపింది. ఆ ఫొటోల్లో బిలాలు స్పష్టంగా లేకపోవడానికి రేడియో బలహీనత ఒక్కటే కారణం కాదు. నౌక తన వెనుక భాగాన్ని సూర్యుడి వైపు తిప్పి, ముందు భాగంతో చంద్రుణ్ణి చూసింది. వెలుతురు కెమెరా వెనుక నుంచి నేరుగా పడితే నీడలు ఉండవు, నీడలు లేకపోతే గుంతలు కనిపించవు. పున్నమి నాడు టెలిస్కోపుతో చూసేవారికి ఇది బాగా తెలుసు. అయినా మాస్కో సముద్రం అని పేరుపెట్టిన మైదానం, సియోల్కోవ్‌స్కీ బిలం నల్లమచ్చలుగా మొదటిసారి కనిపించాయి.

మన దేశానికి వస్తే, కేరళలోని రాకెట్ ప్రయోగ కేంద్రం తుంబా ఫొటోల్లో అందరికీ తెలిసినది సైకిల్ మీద నోస్ కోన్, అంటే రాకెట్ ముక్కు భాగం. 1963 నాటి తొలి ప్రయోగం అని దాని కింద తరచు రాస్తుంటారు. ఆ ఫొటో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆంరీ కార్తియే-బ్రెసన్ 1966లో తీసింది. ఎద్దుబండి మీది ఉపగ్రహం ఫొటో ఇంకా తర్వాతిది: 1981లో మన సమాచార ఉపగ్రహం ‘యాపిల్’ యాంటెనా పరీక్ష. లారీ లోహపు ఒళ్లు రేడియో తరంగాలను తిప్పికొట్టి కొలతలను చెడగొడుతుంది కాబట్టి, చెక్కబండి ఎంచుకున్నారు. దీన్ని పేదరికానికి గుర్తుగా చూపించేవారు ఆ ఇంజనీర్లకు అన్యాయం చేస్తున్నారు.

తుంబాలో నిజంగా పరిశోధన చేసిన ఫొటోలు వేరు. 1963 నవంబరు 21న సాయంత్రం ఎగిరిన నైకీ-అపాచీ రాకెట్ సోడియం ఆవిరిని వదిలింది. వేళ ఎంపికలోనే కిటుకుంది. నేల మీద చీకటి పడాలి, పైన మాత్రం ఎండ తగులుతూ ఉండాలి. అప్పుడు సోడియం సూర్యకాంతిలోని పసుపు రంగును పీల్చి వెదజల్లుతుంది, నల్లటి ఆకాశంలో నారింజ మేఘం కనిపిస్తుంది. పగలైతే ఆకాశపు వెలుగులో మునిగిపోతుంది, మరీ రాత్రయితే దానికి ఎండే అందదు. ఒకదానికొకటి దూరంగా ఉన్న చోట్ల నుంచి ఒకే క్షణాన దాన్ని ఫొటో తీస్తారు. వెనకున్న నక్షత్రాల స్థానాలతో పోల్చి ప్రతి చోటి నుంచి దిశ తేలుస్తారు. రెండు దిశలు కలిసే బిందువే మేఘం ఉన్న ఎత్తు. కొన్ని సెకన్ల తర్వాత తీసిన ఫొటోలతో అదే లెక్క మళ్లీ చేస్తే ఆ ఎత్తులో గాలి వేగం, దిశ వస్తాయి. గీతలా వదిలిన ఆవిరి నిమిషాల్లో వంకర్లు తిరిగిపోతుంది: నూరు కిలోమీటర్ల దగ్గర గాలి సెకనుకు వంద మీటర్ల దాకా వీచగలదు, కొద్ది కిలోమీటర్ల తేడాలోనే ఎదురు దిక్కుకు మళ్లగలదు.