అతుకు ఎక్కడ పడింది?

నార్వేలో మాంసం కొట్టు ముందు ‘లమ్మెలోర్’ అని ఒకే మాటగా రాసి ఉంటే గొర్రెపిల్ల తొడ మాంసం దొరుకుతుందని అర్థం. మధ్యలో కాస్త ఖాళీ వదిలి ‘లమ్మె లోర్’ అంటే చచ్చుబడిన తొడలు! అక్షరాలన్నీ అవే, మారింది ఖాళీ ఒక్కటే. రెండు పదాలు కలిసి ఒక కొత్త పేరు పుడితే దాన్ని కలిపే రాయాలన్నది నార్వేజియన్ నియమం. ఇంగ్లీషు ప్రభావంతో విడదీసి రాస్తున్నారని అక్కడ చాలామంది బాధపడుతుంటారు. వాళ్ల బాధ న్యాయమైనదే. కలిసిన మాటను పలికేటప్పుడు గట్టి ఊనిక ఒక్కటే, అది మామూలుగా మొదటి పదం మీద పడుతుంది. విడదీస్తే రెండు ఊనికలు. గొంతు కలిపి పలికినదాన్ని చెయ్యి విడదీసి రాయడం ఎందుకు?

మాట అర్థాన్ని నడిపేది మాత్రం చివరి పదం. ఇందులో వాళ్లూ మనమూ ఒకటే. గోడ గడియారం ఎలాగూ గడియారమే కదా. ‘వీన్’ అంటే వైన్, ‘గ్లస్’ అంటే గ్లాసు. ‘వీన్‌గ్లస్’ గ్లాసే, దాని వ్యాకరణ లింగం కూడా గ్లాసుదే.

ఇక అతుకు దగ్గరికి వద్దాం. ఎర్ర వైన్ ‘రోవీన్’. దాన్ని తాగే గ్లాసు ‘రోవీన్‌గ్లస్’ కాదు, ‘రోవీన్స్‌గ్లస్’. మధ్యలో ఒక ‘స్’ వచ్చి చేరింది. ‘వీన్‌గ్లస్’లో లేని ఈ శబ్దం ఇక్కడికి ఎందుకొచ్చింది? మొదటి భాగమే రెండు పదాల కలయిక అయినప్పుడు, పెద్ద అతుకు ఎక్కడుందో చూపించడానికి తరచూ ఇలా వస్తుంది. ఇది వైన్ తాగే ఎర్ర రంగు గ్లాసు కాదు, ఎర్ర వైన్ కోసం ఉన్న గ్లాసు అని ఆ ఒక్క ‘స్’ తేల్చేస్తుంది. నాకు ఇది ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

ఈ ‘స్’ నార్వేజియన్‌కు మూలమైన పాత నార్స్ భాషలోని షష్ఠీ విభక్తికి మిగిలిన గుర్తు. పిల్లల బడిని ‘బార్నెహాగె’ అంటారు. ‘బార్న్’ అంటే బిడ్డ, ‘హాగె’ అంటే తోట, మధ్యలోని ‘ఎ’ ఒకప్పటి ‘బిడ్డల’ అనే బహువచన షష్ఠి నుంచి వచ్చింది. (ఓస్లో వైపు ఆ ‘ర్న’ కలిసిపోయి అచ్చం మన ‘ణ’లా వినిపిస్తుంది.) మనం ‘ఇల్లు పెరడు’ అనకుండా ‘ఇంటి పెరడు’ అనడం లాంటిదే ఇదీ. ఒక్కోసారి ఆ గుర్తు అర్థాన్నే మార్చేస్తుంది. ‘లన్‌మన్’ రైతు, ‘లన్స్‌మన్’ మన దేశపు మనిషి.

వరుస చివర మాటను విరవాల్సి వచ్చినప్పుడు ఈ అతుకులు తెలియకపోతే చిక్కే. మామూలు మాటల్లో అచ్చుల మధ్య ఉన్న హల్లుల్లో ఆఖరిది ఒక్కటే కింది వరుసకు వెళ్తుంది. ఆ లెక్కన ‘వీన్‌గ్లస్’లోని రోమన్ అక్షరాలను (vinglass) విరిస్తే పైన ‘వింగ్’, కింద ‘లస్’ మిగులుతాయి. ‘వింగె’ అంటే రెక్క, ‘లస్’ అంటే బండెడు బరువు. చదివేవాడికి రెక్కలూ బరువులూ కనిపిస్తాయి తప్ప వైన్ కనిపించదు! అందుకే కలిసిన మాటను అతుకు దగ్గరే విరవాలి. ఉత్తినే అక్షరాలు లెక్కపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఆ అతుకు కనబడదు, దానికి పదాలు తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా తమాషా రాత్రి రైలుది. ‘నట్’ అంటే రాత్రి, దాని చివర రెండు ‘టీ’లు రాస్తారు. ‘టోగ్’ అంటే రైలు, మొదట ఒక ‘టీ’. కలిపితే మూడు కావాలి, కానీ ఒకే హల్లును వరసగా మూడుసార్లు రాయడం నార్వేజియన్‌కు ఇష్టం లేదు. జర్మన్‌లో మూడూ అలాగే ఉంచుతారు. ఇక్కడ ఒకటి తీసేసి రెండే రాస్తారు. బస్టాపుకు వాళ్లు రాసే మాటలోనూ మూడో ‘ఎస్’ ఇలాగే పోతుంది. అయితే ఆ మాట వరుస చివర పడిందనుకోండి. పైన రెండు ‘టీ’లతో ‘నట్’, పక్కన చిన్న గీత, కింది వరుసలో తన ‘టీ’ తనకు తిరిగొచ్చిన ‘టోగ్’.