కూర్చుంటే ఏడుపు, నడిస్తే నిద్ర

హనుమకొండ నుంచి ఒక కొత్త తల్లి అడిగిన ప్రశ్న ఇది: "సార్, మా బాబుకు నెల పదిహేను రోజులు. ఎత్తుకొని తిరిగితే సప్పుడు చెయ్యడు. కూసుంటే చాలు, కనిపెట్టి ఏడుస్తడు. ఇప్పటి నుంచే గింత మొండి ఏంది? చేతి అలవాటు నువ్వే చేసినవని మా అత్తమ్మ అంటది. నిజమేనా?"

పాలు, టీకాలు, స్నానం గురించి మీ వాడ ఆశా కార్యకర్త నాకన్నా బాగా చెబుతుంది. వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది ఆ "కూసుంటే కనిపెట్టడం".

బాబు కనిపెడుతున్న మాట నిజమే. దానికి మొండితనంతో పని లేదు. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమి కురోడా బృందం 2013లో తల్లుల చేతుల్లో ఉన్న పసిపిల్లల గుండె వేగాన్ని ఈసీజీతో కొలిచింది. తల్లి కూర్చుని ఎత్తుకున్నంతసేపూ ఒక లెక్క. లేచి నడక మొదలుపెట్టగానే కొన్ని సెకన్లలోనే గుండె వేగం తగ్గింది, కాళ్లూ చేతులూ ఆడించడం ఆగింది, ఏడుపు తగ్గింది. మళ్లీ కూర్చుంటే మళ్లీ మొదటికొచ్చింది. మీ ఇంట్లో రోజూ జరిగేదే అక్కడ కాగితం మీద గీతగా వచ్చింది.

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, అప్పుడు ఆ పిల్లల వాలకం గమనించారా? మెడ మీద తోలు పట్టుకోగానే కాళ్లు ముడుచుకుని, కిక్కురుమనకుండా వేలాడతాయి. ఎలుక పిల్లలూ అంతే. కురోడా బృందం ఎలుకల్లో ఈ పని ఏయే తీగల మీద నడుస్తుందో విడదీసి చూసింది. మెదడుకు రెండు కబుర్లు అందాలి. ఒకటి, మెడ దగ్గరి చర్మం నుంచి వచ్చే స్పర్శ. రెండోది, "ఒళ్లు కదులుతోంది" అంటూ కండరాలు, కీళ్లు పంపే సమాచారం. దాన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు. కాళ్లు ముడుచుకునే పనికి చిన్నమెదడు కావాలి. గుండెను నెమ్మదింపజేసేది ఒంటిని శాంతపరిచే పారాసింపథెటిక్ నాడులు.

అసలు తమాషా ఇక్కడుంది. ఆ కబుర్లు అందకుండా చేస్తే పిల్ల గిలగిలా కొట్టుకుంది, దాన్ని ఆపదలోంచి బయటికి తెచ్చుకోవడానికి తల్లి ఎలుకకు ఎక్కువసేపు పట్టింది. అంటే తల్లి పరుగెత్తేటప్పుడు కదలకుండా ఉండటం పిల్ల వంతు సాయం. మీ బాబు మీరు లేచి నడిచినప్పుడల్లా ఆ సాయమే చేస్తున్నాడు. అమ్మ కూర్చుంటే ప్రయాణం అయిపోయినట్టు. ఆకలి, ఉక్కపోత, తడి బట్ట అన్నీ అప్పుడు గుర్తొస్తాయి.

ఇదే బృందం 2022లో మరో ప్రయోగం చేసింది. ఏడుస్తున్న పిల్లలను ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడిస్తే ఏడుపు ఆగింది, సగానికి కాస్త తక్కువమంది నిద్రపోయారు. ఊగే తొట్టె కూడా పనిచేసింది. ఎత్తుకుని ఊరికే కూర్చోవడం పనిచేయలేదు. మన ముసలమ్మలు దూలానికి చీరె కట్టి ఊపింది ఉత్తగనే కాదు. కానీ నిద్రపోయినవాళ్లను పడుకోబెట్టగానే మూడోవంతు మందికి పైగా ఇరవై సెకన్లలో కళ్లు తెరిచారు. వీపు పరుపుకు తాకినందుకు లేస్తారని మనం అనుకుంటాం. గుండె రికార్డు చూస్తే, తల్లి ఒంటి నుంచి విడిపోవడం మొదలైన క్షణంలోనే మెలకువ మొదలైంది. అందుకని వాళ్లు చెప్పిన పద్ధతి: ఐదు నిమిషాలు నడవండి, నిద్రపోయాక ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చోండి, ఆ తర్వాత దించండి. అయితే వాళ్లు చూసింది 21 మంది పిల్లలనే. మీకే కునుకు వస్తుంటే మాత్రం సోఫాలో కూర్చోకండి, అది ప్రమాదం.

ఇక నెల పదిహేను రోజుల లెక్క. అమెరికా డాక్టర్ బ్రేజెల్టన్ 1962లోనే పిల్లల ఏడుపును గంటల్లో లెక్కగట్టాడు. ఆ గీత మన మడికొండ మెట్టుగుట్టలాగా ఉంటుంది. రెండో వారం నుంచి ఎక్కుడు, ఆరో వారానికి శిఖరం, అక్కడ రోజుకు సుమారు రెండు ముప్పావు గంటల ఏడుపు, మూడు నాలుగు నెలలకు దిగుడు. ఎక్కువ భాగం సాయంత్రం పూటే. మన దగ్గర తొట్టెల ఫంక్షన్ ఎప్పుడు చేస్తాం? ఇరవై ఒకటో రోజు, అంటే ఇంకా గుట్ట ఎక్కుతున్నప్పుడే. చుట్టాలంతా వచ్చి చూసి పోతారు, మర్నాటి నుంచి ఏడుపు పెరుగుతుంది. "ఎవరి కండ్లు తాకినయో" అని మిరపకాయలు, ఉప్పు తెస్తారు. ఏడుపు ఇంకా ఎక్కుతుంది కాబట్టి తాయెత్తు కడతారు. అప్పటికి దిగుడు మొదలవుతుంది, పేరు తాయెత్తుకు పోతుంది. దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు. తాయెత్తుకు వచ్చిన ఆ పేరు చూస్తే మాత్రం నాకు కడుపు మండుతుంది.

అత్తమ్మ మాట సంగతి. 1986లో మాంట్రియల్‌లో హన్‌జికర్, బార్ అనే డాక్టర్లు కొందరు తల్లులకు బిడ్డను రోజుకు కనీసం మూడు గంటలు ఎత్తుకోమన్నారు. ఏడ్చినప్పుడే కాదు, ఊరికే ఉన్నప్పుడు కూడా. ఆరో వారంలో ఆ పిల్లల ఏడుపు, చిరాకు మిగతా పిల్లలకన్నా 43 శాతం తక్కువ. చేతి అలవాటయితే పెరగాలి కదా! ఈ ముక్క అత్తమ్మకు మీరు చెబితే గొడవవుతుంది, మీ ఆయనతో చెప్పించండి. అదే బార్, విపరీతంగా ఏడ్చే కోలిక్ పిల్లల మీద 1991లో ఇదే ప్రయత్నిస్తే ఫలితం రాలేదు. కాబట్టి ఎంత మోసినా ఆగకపోతే మీ చేతకానితనం అనుకోకండి.

తెలంగాణలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. కుట్లు మానని మనిషిని అర్ధరాత్రి హాల్లో తిరగమనడం అన్యాయం. ఇంట్లో వేరే కాళ్లున్నాయి, వాటిని వాడండి. ఎవరు మోసినా, ఒకోసారి కోపం నెత్తికెక్కుతుంది. పిల్లలను కోపంతో గట్టిగా కుదిపి మెదడుకు దెబ్బ తగిలించిన కేసులు కూడా ఇంచుమించు ఈ ఏడుపు గుట్ట వెంటే పెరుగుతాయి. కోపం వస్తోందనిపిస్తే బాబును పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు పక్క గదిలోకి పొండి. ఏడవనివ్వండి, ఏం కాదు.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, పాలు మానేసినా, ఏడుపు గొంతే మారినా ఆ రాత్రే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. దిష్టి మర్నాడైనా తీసుకోవచ్చు.